సీసాలో దొంగ

హలో… ఆ, నేనే. ఈ ఇంట్లో ఇంకెవరు ఎత్తుతారే చెల్లీ?… పట్టావా పురుగుని?… చేత్తోనా? వలతో పట్టమన్నానుగా, కరుస్తుందని… కరిచిందా. బాగా అయింది.

సీసాలో వేశావా?… నల్లగా ఉంది, అంచు చుట్టూ పసుపు గీత… ఊఁ. అంతమాత్రాన నేరం మోపకూడదు. చూడ్డానికి ఇలాగే ఉండేది ఇంకోటుంది. అది కుళ్ళిన ఆకులు తిని బతికే సాధువు… పుస్తకంలో చూశానే. బడికి వెళ్ళకపోతే కళ్ళుండవా?

ఇప్పుడు చూడు. ఈదేటప్పుడు వెనక కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తోందా, తెడ్లు వేసినట్టు రెండూ ఒకేసారా?… కళ్ళజోడు పెట్టుకో… నెత్తి మీద తడుముకో, అక్కడే ఉంటుంది… ఒకేసారా. సరే.

ఇంకొక్కటి. గాలి కోసం పైకొస్తుంది. ముందు తల పెడుతుందా, ముడ్డా?… రానీ, తొందరేం… గట్టిగా చెప్పు. పురుక్కి లేని సిగ్గు నీకెందుకు?… ముడ్డే.

అయితే అదే. నీ పెరటి కుంటలో చేపపిల్లల్ని నమిలేసింది అదే… పిల్లి కాదు. పైవాటా కుట్టుపనావిడ పిల్లికి నీళ్ళంటేనే భయమని మొత్తుకున్నాను. నువ్వేమో ఆవిడ గుమ్మంలో నిలబడి, పిల్లీ నువ్వూ ఒకటే దొంగజాతి అన్నావు… అన్నావు. గొప్పగా నువ్వే చెప్పావు నాకు.

ఏమిటా చప్పుడు?… సామాను దించుతున్నారా? ఇవాళే ఖాళీ చేస్తోందా?… మరి కూర్చున్నావేం? సీసా పట్టుకుని లే… పోతే పోనీ అనకు. అలా పోనిచ్చిన వాళ్ళ నంబర్లు నా దగ్గర బోలెడున్నాయి. ఒక్కటీ మోగదు… నీ నడుం కొలత ఇన్నాళ్ళూ బయటపెట్టని మనిషి మళ్ళీ దొరుకుతుందా?

మోకాళ్ళా? తిట్టడానికి ఎక్కినప్పుడు లేవా నొప్పులు?… ఫోను పెట్టేయకు, నాకు దడ. చేతిలోనే ఉంచుకో…

ఎక్కావా?… ముందు తప్పైపోయిందను, పురుగు సంగతి తర్వాత… అన్నావా. ఏమంది?… మూటలు కడుతూనే ఉందా… సీసా చూపించు. ముడ్డి సంగతీ చెప్పు… ఏమైంది?… పిల్లి సీసాలోకి తొంగిచూసి మంచం కింద దూరిందా?

ఎవరే ఆ నవ్వు?… ఆవిడా?… నువ్వూనా?… దేనికి, ముడ్డికా, నాకా?… సరే, నవ్వుకోండి. సామాను మళ్ళీ పైకెక్కించమను… చెల్లీ… హలో?… హలో?…

పెట్టేసింది. హమ్మయ్య.