లివరు పట్టేసిన పొద్దు

తొలి ట్రిప్పు నా దగ్గర్నుంచి తీసేసి మీ అల్లుడికి ఇస్తున్నామన్న మాట మీ ఆవిడ చేత చెప్పించడమేంటి బావగారూ? పడవల సంఘానికి పెద్ద మీరు. చచ్చిపోయిన నా మొగుడికి సొంత అన్న మీరు. నాలుగడుగులు వేసి వచ్చి, నా మొహం చూసి చెప్పలేకపోయారా? నేను చేపలు తోముకుంటుంటే కంచె అవతల నుంచి అక్క కేకేసింది, "సెవెరీనా, రేపు తీర్మానమట, మనసు కష్టపెట్టుకోకు" అని. నా మనసు సంగతి ఎవరడిగారండీ?

కూర్చోండి. అక్కడ కాదు, తడిగా ఉంది. ఇటు, స్టీరింగు దగ్గరికి రండి. ఇంత పొద్దున్నే లేపానని విసుక్కోకండి. ఉత్తరాది నోర్తే గాలి కొడుతోంది, చలిగా ఉంది, నాకూ తెలుసు. చలిగా ఉందనే పిలిచాను.

ఏదీ, ఈ లివరు ముందుకి తోయండి.

తోయండి, సిగ్గేం లేదు.

ఊఁ? ఏమైంది? రెండు చేతులూ వేయండి. కాలు తన్నిపెట్టుకోండి. అయ్యయ్యో, మరీ అంత వద్దు, పిడి ఊడి చేతికొస్తుంది. నాకున్నది ఈ ఒక్క పడవే.

చూశారుగా? సోమవారం నాకు జరిగిందీ ఇదే. బయల్దేరేటప్పుడే బిగుతుగా ఉంది, బలమంతా పెట్టి తోశాను. ట్రుహియో రేవు దగ్గరికి రాగానే న్యూట్రలుకి తెద్దామని లాగితే రానంటే రానంది. గేరూ వేగమూ రెండూ ఈ ఒక్క లివరు మీదే కదా, ఇది మొండికేస్తే ఇంకేం చేస్తాం? పడవ నిండా జనం. ముక్కు వెళ్ళి రేవు గుంజకి గుద్దుకుంది. పలక చీలింది, దానికి అతుకూ నేనే వేసుకున్నాను. రొట్టెలమ్మే క్రిసాంతా ఎరేబా బుట్ట సముద్రం పాలైంది.

మనుషులకి దెబ్బ తగల్లేదు, దేవుడి దయ అన్నారు అందరూ. తాళం తిప్పి ఇంజను ఆపింది దేవుడా? ఆ మాట మీ సంఘంలో ఒక్కరి నోట వచ్చిందా?

మీరంతా అక్కడికి చూడ్డానికి ఎప్పుడొచ్చారు? ఎండ చుర్రుమన్నాక, కాఫీ తాగి, పళ్ళు కుట్టుకుంటూ. అప్పుడు లివరు ముట్టుకుంటే వెన్నపూసలా జారింది. "చూశారా, మగాడు పట్టుకుంటే ఎలా వింటుందో!" అన్నాడు మీ అల్లుడు లీనో. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఏడిస్తే అదీ ఒక కథవుతుందని.

అంతటితో ఊరుకున్నారా? చచ్చిన నా మొగుడు ఫెర్మీనుకి కోపమొచ్చిందట! తన పడవని పెళ్ళాం నడుపుతోందని పైనుంచి లివరు పట్టుకున్నాడట! మీ తమ్ముడేనా బావగారూ? బతికుండగా పొద్దెక్కే దాకా ఊయల్లోంచి లేచిన పాపాన పోలేదు, చచ్చాక తెల్లారకముందే రేవుకొస్తాడా?

పెద్దల ఆత్మలతో మాట్లాడే బుయేయి పెద్దమ్మ దగ్గరికీ వెళ్ళాను. మీ నోళ్ళు మూయించాలిగా. ఆవిడ పకపకా నవ్వింది. "పొద్దున పట్టుకుని మధ్యాహ్నానికి వదిలేసే ఆత్మ నాకింతవరకూ తగల్లేదే పిల్లా. పోయి పడవ విప్పి చూసుకో" అంది.

విప్పుతున్నాను. ఆ రెంచి ఇటివ్వండి. అది కాదు, చిన్నది.

ఇదిగో, ఇంజను దగ్గర కేబులు కొస ఊడదీశాను. గేరు చువ్వ చూడండి, ప్రొపెల్లర్ని కాస్త తిప్పుతుంటే వేలితో కదులుతోంది. అంటే ఇంజనులో రోగం లేదు. ఇప్పుడు ఇటు లివరు పెట్టె దగ్గర కొస కూడా తీసేశాను. లివరు తోయండి. చిటికెన వేలు చాలు. కదిలిందా? పెట్టెలోనూ రోగం లేదు. ఇక మధ్యలో మిగిలిందేంటి?

కేబులు. అంతే కదా.

నాకెవరు నేర్పారంటారా? మీ తమ్ముడు మరమ్మతు చేసినప్పుడల్లా టార్చి పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు? "ఇటు పట్టు, అటు కాదు, కళ్ళు దొబ్బాయా" అని తిట్లు తిన్నదెవరు? వెలుగు పట్టినవాళ్ళకీ కనబడుతుంది బావగారూ.

ఉండండి, దీన్ని రంపంతో కోసి చూపిస్తా. ఎలాగూ పనికిరాదు.

చూడండి లోపల. తెల్లగా, కొవ్వొత్తిలా. వాసన చూడండి. మొహం అలా పెట్టకండి, మీకు తెలిసిన వాసనే. కొబ్బరినూనె. అదీ నా నూనె. కాయలు కోరి, పాలు పిండి, పొయ్యి ముందు కూర్చుని కాచి, అమ్ముకుందామని సీసాల్లో పోసుకున్నది. ఒక సీసా తగ్గిందేంటని అడిగితే పిల్లులు దొర్లించాయనేవాడు మీ తమ్ముడు.

మన తీరంలో దేనికి పూయం దీన్ని? తలకి, పసిబిడ్డకి, తలుపు బందుకి, మోకాలి నొప్పికి. కేబులు బిగిసిందంటే ప్లాస్టిక్ సంచీ గరాటులా కట్టి సీసాడు గుమ్మరించడమే. మామగారు పోశారు, మీరు పోశారు, మీ తమ్ముడూ పోశాడు. మామగారి రోజుల్లో అది వట్టి ఇనప తీగ, చెల్లింది. ఇప్పటివాటికి లోపల ప్లాస్టిక్ గొట్టముంటుంది. నూనె పోయొద్దని కంపెనీవాడు కవరు మీద సీసా బొమ్మేసి, అడ్డంగా ఎర్ర గీత కొట్టి మరీ చెప్తాడు. ఎవరు చూశారు!

నాకెలా తట్టిందంటారా? మొన్న పొద్దున రొట్టెల పిండిలో పోద్దామని సీసా వంచాను. చుక్క రాలేదు. సోమవారం దిగిన ఈ చలికి గడ్డకట్టి కూర్చుంది. పొయ్యి పక్కన పెట్టాను, కాసేపటికి గలగలా కారింది. సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మొగుడి ఆత్మట, ఆడదాని చేతకానితనమట!

మీ పడవలెందుకు పట్టేయవంటారా? ఎలా పట్టేస్తాయండీ, ఎండెక్కనిదే మీరు రేవులోకి దిగితేగా? తొలి ట్రిప్పంటే చలి, మసక వెలుగు, రొట్టెలమ్ముకునే ఆడవాళ్ళ గోల. ఎవరికీ అక్కర్లేక విధవ మొహాన కొట్టారు. సరే అన్నాను. ఏ రోజూ మానలేదు. ఇప్పుడు టీచర్లని తీసుకెళ్ళే మునిసిపాలిటీ కాంట్రాక్టు తొలి ట్రిప్పుకే వస్తుందని తెలిసింది. తెలిసిన వారానికే నాకు పడవ నడపడం రాదని కనిపెట్టారు!

పగటి వంతులన్నీ మీవేనాయె. ఇదొక్కటీ పోతే నేనేం చేయను? పడవని ఒడ్డున బోర్లించి కింద కోళ్ళు పెట్టుకోనా?

కొత్త కేబులు పట్టుకోండి, తొక్కకండి. ట్రుహియోలో కొట్టువాడు, "మీ ఆయన్ని పంపమ్మా, కొలత అడగాలి" అన్నాడు. "పంపుతాను, శ్మశానానికి కబురు పెట్టు" అన్నాను. ఇంక మాట్లాడితే ఒట్టు.

ఎక్కడా మెలిక పడకుండా, వంపు వెడల్పుగా తీసుకెళ్ళాలి. లోపల చుక్క నూనె పోయకూడదు. బయటికొచ్చే చువ్వకి మాత్రం ఈ డబ్బాలో గ్రీజు. న్యూట్రల్లో ప్రొపెల్లరు తిరక్కూడదు. ఊఁ, సరిపోయింది. తోయండి. లాగండి. ఈ చలిలోనే, ఎండ రాకుండానే.

ఏమంటారు?

అటూ ఇటూ ఎందుకు చూస్తారు, ఎవరూ చూళ్ళేదు. రేవు రేవంతా పిలిచి మీ చేత లివరు లాగించగలను. పిలవలేదు. మీ మీద జాలితో అనుకోకండి. మీ పరువు తీసిన మర్నాడు మీరు నాకు తొలి ట్రిప్పు ఇస్తారా? నోరున్న విధవని అసలు రేవులోకే రానివ్వరు.

అందుకని, సంఘంలో మీరే చెప్పండి. రోగం మీరే కనిపెట్టారు, కేబులు మీరే మార్చారు. "నికాసియో దిగాడంటే మొండి ఇంజనైనా దారికొస్తుంది" అంటారు ముసలాళ్ళు. అననివ్వండి. వెనకాల నిలబడి నేనూ తలూపుతాను. చివర్లో ఒక్క మాట వేయండి చాలు: "ఇక పడవకే లోటూ లేదు, తొలి ట్రిప్పు మరదలే నడుపుకుంటుంది" అని.

ఏంటీ, అబద్ధమాడలేరా? అబ్బో! చచ్చినవాడి మీద సోమవారం ఆడినప్పుడు నోరు బాగానే తిరిగిందే?

అదుగో, లీనో, పెద్దవాళ్ళూ వస్తున్నారు. లేవండి. రెంచి పట్టుకుని ఇంజను పక్కన నిలబడండి. ఆగండి, ఆ చేతులు చాపండి. ఇదిగో గ్రీజు, మణికట్టు దాకా పూసుకోండి. అంత శుభ్రంగా ఉంటే, బాగుచేసింది మీరేనంటే ఎవడు నమ్ముతాడు?