పన్నెండు అంగల చుక్క

ఫుట్‌బాల్ సీజను ముగిసిన వారానికి, ఒక సెలూనులో. కుర్చీలు రెండు. కిటికీ పక్క కుర్చీలో ఒక మనిషి ముఖమంతా వేడి తువ్వాలు కప్పుకుని వెనక్కి వాలి ఉన్నాడు. రెండోదాంట్లో పెద్దాయన, మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుంటూనే సెలూనతనితో మొదలుపెట్టాడు.

“అందుకే చెప్తున్నా తమ్ముడూ. నా కళ్ళకి గంతలు కట్టి గ్రౌండులో వదిలెయ్. గోల్ గీత దగ్గర్నించి పన్నెండు అంగలు వేసి సున్నంతో పెనాల్టీ చుక్క పెట్టానంటే వెంట్రుకవాసి అటూ ఇటూ పోదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఒకసారి కొలతలాయన ఒకడు యంత్రం పట్టుకొచ్చి నా చుక్కని కొలిచాడు. కొలిచి, తన యంత్రాన్ని మరమ్మత్తుకి పంపించాడు.”

“తల నిటారుగా పెట్టండి పెద్దాయనా. చుక్క సరే, టీం సంగతి చెప్పండి. ఇరవై రెండు మ్యాచుల్లో పదహారు ఓడారు.”

“పదిహేడు. వానకి ఆగిపోయింది చూడు, అది కూడా ఓడినట్టే. ఈ సీజను మొత్తంలో మన తరఫున బాగా ఆడింది ఆ వానొక్కటే.”

“ఈవేళ కమిటీ మీటింగంట గదా. ఎవర్ని ఉంచాలో, ఎవర్ని పంపించాలో తేల్చేస్తారంట.”

“నాలుగింటికి. అభిమానుల తరఫున నాదీ ఒక ఓటుంది. అందుకే గడ్డం గీయించుకుందామని వచ్చా. ఒక మనిషిని తీసేసేటప్పుడు మన మొహమన్నా శుభ్రంగా ఉండాలి.”

“ఇప్పటికే మూడుంపావు.”

“అయితే నెమ్మదిగా గియ్యి.”

“అదేంటి, మీ నడుముకి సున్నం గది తాళంచెవి వేలాడుతుండేది. లేదే.”

“బరువని తీసేశా. నువ్వు నురగ పెట్టు.”

“ఎవర్ని తీసేస్తారు మరి?”

“నన్నడిగితే అందర్నీ పంపించేసి వానని ఉంచుకుంటా. కోచ్ ఉన్నాడా, బోర్డు మీద బాణాలు గియ్యడం తప్ప ఇంకోటి తెలీదు. ఒక రోజు ఆ బాణాలు చూసి మనవాళ్ళు బయటికి దారనుకుని నేరుగా వెళ్ళి బస్సెక్కేశారు.”

“అబద్ధం.”

“టీం మొత్తం కాదులే. ఇద్దరే ఎక్కారు.”

“మరి ముందు ఆడే ఆ జుట్టాయన? అతన్ని ఏమీ అనకండి. నా దగ్గరికే వస్తాడు.”

“నిన్నెందుకంటాను? తల పైన నువ్వు చేసిన పని బాగానే ఉంది. లోపల ఎవరూ ఏమీ చెయ్యలేదు. బంతి గాల్లో వస్తుంటే జుట్టు చెదురుతుందని కూర్చుండిపోతాడు. వెనక ఆడేవాడు ఇంకో రకం. కత్తెర అని పేరు పెట్టాను వాడికి. పక్కనుంచి ఎవడు పరిగెత్తినా కాలు అడ్డం పెట్టకపోతే వాడికి అన్నం సయించదు. ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన పోస్టుమాన్‌ని గుమ్మంలో పడేశాడు.”

“అతని వల్లే గదా అన్ని పెనాల్టీలు.”

“పెనాల్టీలు ఇచ్చింది వాడు. గోల్సు ఇచ్చింది ఎవరు? జల్లెడ.”

“ఇప్పుడు గోల్‌కీపర్ సంగతి ఎందుకు లెండి.”

“ఎందుకా? మన గ్రౌండులో తొమ్మిది పెనాల్టీలు. తొమ్మిదీ లోపలికే. గోల్ ముందు తాడు కట్టి దుప్పటి ఆరేసినా రెండు ఆగేవి. దుప్పటికి జీతం కూడా అక్కర్లేదు.”

“పెద్దాయనా.”

“ఏం దగ్గుతావు, జలుబా? ఒకసారి బంతి వల్లోకి వెళ్ళి, బయటికొచ్చి, మళ్ళీ దొర్లుకుంటూ లోపలికెళ్ళింది. అప్పటికి దూకాడు వీడు.”

“కాసేపు ఆగండి. చెంప మీద కత్తి ఉంది.”

“కత్తి నీ చేతిలో ఉంది, నోరు నా దగ్గరుంది. ముగ్గురు కమిటీవాళ్ళు దారిలో ఆపి మరీ చెప్పారు, ముందు పంపించాల్సింది జల్లెడనే అని. నాలుగోవాడు మాత్రం నసిగాడు, వాడి పెళ్ళాం కడుపుతో ఉంది, ఈ టీం వదిలేస్తే ఈ వయసులో ఇంకెవరూ తీసుకోరు అని.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? ఒక్కణ్ణి తీసేస్తే చాలు, సగం గోల్సు ఆగిపోతాయి. ఎవడో ఒకడు ఆ మాట అనాలి గదా.”

“పెద్దాయనా, ఆ కిటికీ పక్క కుర్చీలో...”

“ఎవరో నిద్రపోతున్నాడు. పోనీ.”

“తొమ్మిది కాదు తాతా.”

“ఎవరది? తువ్వాలు మాట్లాడుతోంది.”

“పది. ఆఖరి మ్యాచులో రెండు పడ్డాయి.”

“దీనికి లెక్కలు కూడా వచ్చు.”

“ఇక నా వల్ల కాదు, చెప్పేస్తున్నా. ఆ తువ్వాలు కింద ఉన్నది మీ జల్లెడే.”

“ఓహో. తీసెయ్ నాయనా, మొహం ఉడికిపోతుంది. మేం మాట్లాడుకున్నది చెవిన పడలేదు గదా?”

“మొత్తం పడింది.”

“దుప్పటి దగ్గర కొంచెం పెంచాను. రెండు కాదు, ఒకటే ఆగేది.”

“నన్ను ఏమన్నా అనండి తాతా, సీజనంతా అంటూనే ఉన్నారు. ఒక్కటి మాత్రం చెప్పండి. బయటి ఊళ్ళలో మా మీద ఆరు పెనాల్టీలు ఇచ్చారు. వాటిలో నేను ఎన్ని ఆపాను?”

“ఏమో. గుర్తులేదు.”

“మీకా?”

“రెండో మూడో.”

“తాతా.”

“నాలుగు. అయితే ఏంటంట?”

“అక్కడ ఆరింట్లో నాలుగు ఆపాను. ఇక్కడ పదింట్లో ఒక్కటీ లేదు. అక్కడికి తీసుకెళ్ళిందీ ఈ చేతులే.”

“గాలి తేడా అయ్యుంటుంది.”

“గాలి కాదు.”

“గడ్డి?”

“గడ్డీ కాదు. మీ మోకాలు ఎప్పుడు దెబ్బతింది?”

“నా మోకాలికేం? గుర్రంలా ఉంది.”

“పోయిన వేసవిలో గదా పెద్దాయనా. మెట్ల మీంచి పడి రెండు నెలలు కర్ర పట్టుకుని తిరిగారు.”

“నిన్నెవరడిగారు? గడ్డం సంగతి చూడు. అయినా మెట్లేంటి, నన్ను ఎద్దు తరిమింది. కొమ్ములు ఇంతున్నాయి, నేనా పదడుగుల గోడ...”

“మెట్లే. మీ అబ్బాయి చెప్పాడు.”

“వాడికి కథ చెప్పడం ఎప్పుడూ రాదు.”

“మోకాలు దెబ్బతిన్నాక మీ అంగ ఎంత పడుతోంది తాతా?”

“ఎప్పుడూ పడ్డంతే.”

“ఈ తలుపు నుంచి కుర్చీ దాకా ఎన్ని?”

“నేను చెప్తాను. ఇదివరకు నాలుగు వేసేవారు. ఇందాక లోపలికొస్తుంటే చూశాను, ఐదు.”

“ఐదుకి కాస్త తక్కువ. చెప్తే సరిగ్గా చెప్పు తమ్ముడూ.”

“అదే తాతా. రూలు ప్రకారం చుక్క పన్నెండు గజాల్లో ఉండాలి. పన్నెండు అంగలంటే పన్నెండు గజాలని మీ లెక్క. నిన్న పొద్దున గ్రౌండులో ఎవరూ లేనప్పుడు టేపు పెట్టి కొలిచాను. మీ చుక్క పది గజాల్లో ఉంది.”

“పదేనా?”

“రెండేసి సార్లు కొలిచాను, రెండు వైపులా. అంత దగ్గర్నించి తంతే నా చేతులు లేచేలోపు బంతి వల్లో ఉంటోంది.”

“ఉండండి, ఉండండి. గ్రౌండులో గీతలన్నీ బాగానే ఉన్నాయే. అవి మారలేదా?”

“వాటికి మేకులు పాతి ఉన్నాయి. తాడు కట్టి లాగి, దాని వెంట సున్నం పోసుకుంటూ పోవడమే. గుడ్డివాడైనా పోస్తాడు. చుక్క ఒక్కటే నేను కాళ్ళతో కొలుస్తా.”

“ఇందాక గంతలన్నారు. వెంట్రుకవాసి తేడా రాదన్నారు.”

“వచ్చింది. రెండు గజాల వెంట్రుక. నీ సెలూన్లో ఎప్పుడూ చూళ్ళేదా?”

“కొలతలాయన యంత్రం?”

“యంత్రమే కరెక్టు. ఆ యంత్రానికి నా తరఫున క్షమాపణ చెప్పు.”

“ఇంతమంది రిఫరీలు వచ్చారు, ఒక్కళ్ళకీ తెలీలేదా?”

“రిఫరీ ఏం చూస్తాడు? బంతి చుక్క మీద ఉందా లేదా అంతే. చుక్క ఎక్కడుందో చూడడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పెడుతున్నవాడు ఉన్నాడు గదా అని అందరికీ ధీమా. వాళ్ళ సంగతి వదిలెయ్, ఆ జుట్టాయన సంగతి చూడు. మన గ్రౌండులో మూడు పెనాల్టీలు తన్నాడు, నా చుక్క మీంచే. రెండు గజాలు ముందుకి తెచ్చి చేతికి అందించినట్టు పెడితే మూడూ గోడ అవతల పారేశాడు. నన్ను నేను క్షమించుకుంటానేమో గానీ వాణ్ణి మాత్రం జన్మలో క్షమించను.”

“మరి నువ్వు నిన్ననే కమిటీకి చెప్పకపోయావా బాబూ? నీ బతుకు గదా అది.”

“చెప్దామని గేటు దాకా వెళ్ళానండి. లోపలికి వెళ్ళలేకపోయాను.”

“ఎందుకు వెళ్ళలేదు నాయనా? కాళ్ళు కూడా జల్లెడేనా?”

“చెప్తే మీ చేతిలోంచి ఆ సున్నం డబ్బా లాక్కుంటారు తాతా. చెప్పకపోతే నన్ను పంపించేస్తారు. ఉంచుతున్నారో లేదో సాయంత్రం కబురు చేస్తామన్నారు. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ మొహం చూడలేక ఇక్కడికొచ్చి తువ్వాలు కప్పుకున్నాను.”

“ఇదే నీ జబ్బు. బంతి వస్తుంటే దూకాలి గానీ ఎవరికి దెబ్బ తగులుతుందో అని ఆలోచిస్తూ నిలబడతావు. గోల్‌కీపర్‌కి బుర్ర ఎంత తక్కువుంటే అంత మంచిది. ఆ మాటకొస్తే నీకు సరిపడానే తక్కువుంది, వాడుకోవు.”

“పెద్దాయనా, మూడూ నలభై అయింది. ఇక తిట్లు చాలు. లేచి వెళ్ళి ఆ మాట మీరే చెప్పండి.”

“ఇంకా ఒక చెంప మిగిలుంది.”

“తిరిగొచ్చాక గీస్తాను. ఊరికే గీస్తాను. మీ నడకకి ఇరవై నిమిషాలు పడుతుంది.”

“ఇదివరకు పావుగంట పట్టేది.”

“కూర్చునే ఉన్నారేంటి? ఈ పిల్లాడు మీ కోసం నోరు కుట్టుకుని కూర్చుంటే, మీరు సగం గడ్డం కోసం... ఇంతేనా మీరు? ముప్ఫై ఎనిమిదేళ్ళ అభిమానం ఇంతేనా?”

“బాగా తిడుతున్నావు. ఇన్నాళ్ళు నా దగ్గర నేర్చుకున్నది ఊరికే పోలేదు. కత్తి మాత్రం అలా ఊపకు.”

“వదిలేయండి అన్నా. తాతని ఏమీ అనకండి.”

“అననీ. నువ్వు ఇటు చూడు నాయనా. నిన్న గ్రౌండులో ఎవరూ లేరనుకున్నావు. సున్నం గదిలో నేనున్నాను. తలుపు సందులోంచి చూశా. నువ్వు టేపు పరిచి వంగుని కొలిచావు, మళ్ళీ కొలిచావు, చుక్క దగ్గర చాలాసేపు కూర్చున్నావు. తర్వాత టేపు చుట్టుకుని వెళ్ళిపోయావు. నువ్వెళ్ళాక నేనూ వెళ్ళి కొలిచాను.”

“మరి ఇందాక పదేనా అని ఎందుకడిగారు?”

“నీ నోట వినాలనిపించింది. నాకు తొమ్మిదీ ముప్పావు వచ్చింది, నీకు టేపు పట్టడం కూడా రాదు.”

“అయితే నేనిక్కడున్నానని...”

“లోపలికి వస్తూనే తెలుసు. అంతంత చేతులు గుడ్డ బయట పెట్టుకుని పడుకుంటే తెలీదా? సీజను తిట్లు కొన్ని మిగిలిపోయాయి, మళ్ళీ నీకు వేసే అవకాశం ఎప్పుడొస్తుందో అని అన్నీ ఒకేసారి వేసేశా.”

“అన్నీ తెలిసి ఇక్కడ కాలు మీద కాలేసుకుని కూర్చున్నారా? అసలు ఈ అరగంటలో మీరు చెప్పినదాంట్లో నిజమెంత పెద్దాయనా?”

“చాలా. నేను కల్పించింది ఒక్కటే.”

“ఒక్కటా? యంత్రం, బస్సు, ఎద్దు...”

“అవి ఉన్నవే, కొంచెం పెంచాను. ఎద్దుని మాత్రం కొంచెం ఎక్కువ పెంచాను. పూర్తిగా కల్పించింది, మీటింగు నాలుగింటికి అన్నాను చూడు, అదొక్కటే. మధ్యాహ్నం రెండింటికే అయిపోయింది, చుక్క కొలత నేనే చెప్పాను. తీసెయ్యాల్సిన ఆ ఒక్కణ్ణీ తీసేశారు. సున్నం గది తాళంచెవి వాళ్ళ బల్ల మీద పెట్టి, ఇటే వచ్చాను.”