కొట్టివేసిన మాట: రాబిన్సన్ గారి పదవీ విరమణ

1989 ఆగస్టు ఏడవ తేదీన రాబిన్సన్ గారు ఘుగ్గుస్‌లో మన గని సర్వే విభాగంలో చేరారు. ఆనాడు క్యాంటీన్‌లో అందరికీ తర్రీ పోసిన అటుకుల పోహా పెట్టారు. ఆయన ఆ కారపు పులుసును వేరే గిన్నెలో పోయించుకుని, గోడవైపు తిరిగి, పోహా ముగించాకే తాగారు. అందరూ నవ్వారు. ఈ వ్యాసం రాస్తున్న శాంతిరాజూ నవ్వాడు.

ముప్పై ఆరేళ్లు ఆయన గని పటాలు గీశారు. పాత సొరంగం ఎక్కడ ఆగిందో, ఏ గోడ వెనుక నీరు నిలిచిందో పటం విప్పకుండానే చెప్పేవారు. ఆ మాట నమ్ముకుని ఎందరో కార్మికులు నిశ్చింతగా గనిలోకి దిగారు. అయినా 2004లో ఆయన పదోన్నతి నివేదికలో, అప్పటి సెక్షన్ అధికారి శాంతిరాజు "మానసిక లోపం కలవారు, నలుగురితో కలవలేరు" అని రాశాడు. ఆ ఒక్క వాక్యంతో పదోన్నతి ఆరేళ్లు ఆగింది.

2011లో శాంతిరాజు భార్య మంగతాయి కన్నుమూసినప్పుడు ఓదార్పు మాటలతో ఇల్లు హోరెత్తింది. రాబిన్సన్ గారు పదకొండు సాయంత్రాలు వచ్చి, వరండాలో అరగంట మౌనంగా కూర్చుని వెళ్లారు. ఆ అరగంటే శాంతిరాజుకు ఊపిరాడేది.

రాబిన్సన్ గారికి యాభై దాటాక నాగపూర్ వైద్యులు ఆయనది ఆటిజం అన్నారు. మన గని పత్రిక ఈ సంచిక కోసం శాంతిరాజు "ఆటిజం అనే రుగ్మతను జయించిన ధీరులు" అని రాసి, మొన్న సాయంత్రం వారింటికి తీసుకువెళ్లాడు. ఆయన సతీమణి హెలెన్ గారు చదివి వినిపించారు.

"గా మాట కొట్టెయ్యున్రి సార్," అన్నారు రాబిన్సన్ గారు. "నేను దేన్నీ జయించలే. గిట్లనే పుట్టిన."

"మరి సైరన్ మోగితే చెవులు మూసుకొని కూలబడ్తరు, గదేంది?" అన్నారు హెలెన్ గారు.

"గది బాధనే. మందుంటే ఇయ్యుమను, తాగుత. పటాలు యాదుండేది గూడ గీ తలకాయల్నే. నాకు రెండు లేవు."

శాంతిరాజు తల వంచుకున్నాడు. "2004ల గా ముక్క రాసింది నేనే, రాబిన్సన్."

"తెల్సు సార్. దస్తూరి మీదే గదా. మంచిగుంటది మీ దస్తూరి."

"తెల్సి గూడ, మంగ పోయినప్పుడు ఎందుకొచ్చినవ్?"

"మీ ఇంట్ల అందరు మాట్లాడుతుండ్రి సార్."

రుగ్మతో, స్వభావమో తేల్చే అర్హత శాంతిరాజుకు లేదు. రెండుసార్లూ ఆయనను అడగకుండానే రాశాడు. ఆ సిగ్గు ఈ పుటలోనే ఉండాలి. రాబిన్సన్ గారు తమకు నచ్చిన నిశ్శబ్దంలో, హెలెన్ గారి తోడుతో, ఆరోగ్యంగా చిరకాలం జీవించాలని మనందరి ఆకాంక్ష.

మొన్న సాయంత్రం అక్కడే ఆ మాట కొట్టివేసి ఇచ్చిన కాగితాన్ని ఆయన ఒకసారి చూసి, "సరే" అన్నారు. శాంతిరాజు మెట్లు దిగేదాకా గడపలో నిలబడి, తర్వాత చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు.