పేరు వెట్టి పిలిసిన నాడు

"అవ్వా, ఇయ్యాల సైటు మీద పెద్దనాయన బెల్టు ఏసుకోకుండ పరాంచి ఎక్కిండు. నేను కిందనే ఉన్న. పెద్దోడు గద, అందరి ముంగట అనబుద్ధి కాలే. నోరే లేవలే."

ఏందీ? మల్ల చెప్పు. నర్సింలా? నా కొడుకా? ఎన్నో మాలా మీద, ఎన్నో అంతస్తు? ఏడోదా! ఓరి వీని మొకం మండ! యాభై దాటినయి, ఇంక పడుసు పోరన్నే అనుకుంటుండు. రానీ ఇంటికి, వాని సంగతి జెప్త. ఆగాగు, యాడికి వోతవ్? నీ మీద గూడ ఉన్నది నాకు కోపం. ఆ కంపెనోళ్లు నీ నెత్తి మీద పచ్చటోపి ఎందుకు వెట్టిండ్రు? ఫోటో దిగనీకా? మా మనుమరాలు సేఫ్టీ సూపర్వైజర్ అని ఈ చాలంత, ఖోలీ ఖోలీ తిరిగి చెప్పుకుంటి గద నేను! నోరు లేవలేదంట. కూసో. అరే, కూసో అంటున్న. చాయ్ మల్ల తాగొచ్చు.

మీ తాత బయట గ్యాలరీల కూసోని పేపరు తిరగేస్తుండు సూడు. ఆయన గాడ ఎట్ల కూసున్నడో నీకెరుకనా? గది జెప్త, ఇను. నడుమ ఫోన్ సూడకు.

అప్పటికి మేము పాలమూరు కెల్లి ఈ బొంబాయికి వచ్చి ఇంక ఏడాది గూడ గాలే. ఈ ఖోలీ, ఈ గది గాదు, ఎనక గల్లీల ఉంటుంటిమి. మీ తాత పలస్తరు మేస్త్రి. నేను బిగారి, అంటె గమేలా తట్టల సిమెంటు మాలు నింపుకోని నెత్తి మీద మోసుడు. మా అత్త ఇసుక జల్లిస్తుండె, ఉయ్యాలల పోరన్ని సూస్తుండె. ఆ పోరడు ఎవడనుకున్నవ్, వీడే, నర్సింలు. పాలు తాగేటోడు అప్పుడు. పొద్దుగాల ఫోరస్ రోడ్డు మీద చాయ్ తాగి నడుసుకుంట పోతుంటిమి. చాయ్ ఎంతుండెనో... పది పైసలా, పదిహేనా... ఏమో, యాదికి లేదు. చిక్కగుండె మాత్రం. ఇప్పటి లెక్క తెల్లనీళ్లు గాదు. ఆఁ, ఏడున్న నేను? సైటు. గ్రాంట్ రోడ్ టేషన్ అవతల ఒక పాత బిల్డింగు రిపేరు, మీద కొత్త ఇటుక గోడ, బయటి గోడకు పలస్తరు వని.

ఇప్పుడు మీ దగ్గర ఇనుప పైపులు. అప్పుడు పరాంచి అంటె బొంగులు నిలవెట్టి, పీచుతాడుతోని కట్టి, మీద పలకలు ఏసుడే. వానకు ఆ తాడు నానుతది, ఎండకు ఎండుతది, మెల్లగ వదులైతది. అందుకని పొద్దుగాల ఎవరు ఎక్కకముందే ముకాదం, అంటె కూలోళ్ల మీద పెద్ద, పరాంచి అంత తిరిగి ముడి ముడి గుంజి సూడాలె. అది ఆయన పని. వేరేటోళ్ల పని గాదు. ఆ దినం ఏమైందంటె, షేటు వస్తుండంట అని ఆయనకు ఒకటే ఉరుకులాట. "నిన్న సూసిన గద, ఎక్కుండ్రి, ఎక్కుండ్రి" అన్నడు. నిన్న సూసిండు, నిజమే. తెల్లారేదాక వాన వడ్డది గద మరి!

ఎందుకు ఎక్కిండ్రు అంటవా? ఆ ముకాదం మా ఊరాయననే. మా అత్తకు అన్న వరుస. ఆయన పిలుసుకొస్తెనే బొంబాయికి వచ్చినం. మామా, ముడి సూసినవా అని ఎవలడుగుతరు? అడిగితె ఎదురు మాట్లాడినట్టు. నువ్వు ఇయ్యాల నోరు మూసుకున్నవు సూడు, అట్లనే మేము గూడ మూసుకున్నం.

ఇంకోటి. నీకు నవ్వొస్తది గని, మా దాంట్ల ఆడది మొగని పేరు తియ్యొద్దు. తీస్తె ఆయన ఆయుష్షు తగ్గుతదనేటోళ్లు. రేషన్ దుకాణంల నీ మొగని పేరేందమ్మా అంటె పక్కామెతోని చెప్పిస్తుంటిమి. నవ్వు, నవ్వు. నువ్వైతె రేపు చేసుకునేటోన్ని అరే తురే అంటవ్. మేము ఏమనేది? ఏమయ్యో. ఇగో. గంతే. పగటాల బువ్వ టైముకు ఆడోళ్లమంత కిందికెల్లి ఏమయ్యో, ఏమయ్యో అని ఒర్లుతుంటిమి. మీదున్న మేస్త్రీలు వస్తున్న, వస్తున్న అంటుండ్రి, మొకం మాత్రం తిప్పకపోతుండ్రి. గోడ మీద మాలు ఎండకముందే రుద్దాలె గద. ఎవలి పెండ్లాం ఎవల్ని పిలుస్తున్నదో ఎవలికి వట్టింది?

గదే టైము. మీ తాత రెండో మాలా మీద గోడ దిక్కు మొకం వెట్టి రుద్దుతుండు. ఆయనకు సక్కగ మీద, పైనెక్కడనో, ఒక అడ్డబొంగుకు గిరక కట్టి ఇటుకల గంప గుంజుతుండ్రు. నేను గమేలా ఎత్తుకుందామని తలకాయ లేపిన. సూస్తె ఏముంది బిడ్డా, ఆ బొంగు కట్టు ఇడుస్తున్నది. చుట్టు మీద చుట్టు జారుతున్నది. గంప మీ తాతను దాటి మీదికి వోయింది. గుంజేటోళ్లను ఆపినా లాభం లేదు, బరువంత ఆ బొంగు మీదనే ఉండె.

నా పై పానం పైననే పోయింది. ఏమయ్యో అన్న.

"వస్తున్న" అన్నడు.

పైన సూడు అనాలె గద? ఆ మాట రాదు నోట్లకు. గుండె దడ వుట్టినప్పుడు అలవాటైన మాటనే వస్తది, ఇంకోటి రాదు. ఏమయ్యో! ఇగో! ఏమయ్యో! అని మొత్తుకుంటున్న. పరాంచి మీద మేస్త్రీలు చాలామంది, అందరు ఏమయ్యోలే నాయె! ఒకాయన నవ్వుకుంట, "ఎవల ఇంటామెరో, బువ్వ సల్లారుతున్నదంట" అన్నడు. మీ తాత గూడ నవ్విండు, మొకం గోడకే ఉన్నది. "వస్తున్నా" అన్నడు మల్ల. నాకు ఆ ముడి తప్ప ఏం కనవడుత లేదు. ఒక్క చుట్టు మిగిలింది.

అప్పుడొచ్చింది, ఎట్లొచ్చిందో నాకు తెల్వదు. "చెన్నయ్యా!"

ఆయన చెయ్యి గోడ మీదనే ఆగింది. పెండ్లాం పేరు తీసిందని బిత్తరపోయి తిరిగిండు. నా దిక్కు సూసిండు, నా చెయ్యి పైకి సూపిస్తుంటె పైకి సూసిండు. పక్కన కిటికి, పాత చౌకట్ తీసిండ్రు, కొత్త చట్రం ఇంక వెట్టలే, ఉత్త సందు. దాంట్లకు దుంకిండు. ఎనకనే గంప, బొంగు, గిరక అన్ని ఆయన నిలవడ్డ పలకను ఇరగ్గొట్టుకుంట కిందవడ్డయి. ఒకటే దుమ్ము. ఉన్నడో లేడో తెల్వదు. ఎంతసేపయిందో, ఆ కిటికిల కెల్లి దగ్గు ఇనవడ్డది. మీ తాత దగ్గు నాకు తెల్వదా? గది ఇన్నంక ఆడనే కూలవడి ఏడ్సిన.

ఇగ ఆ ముకాదం ఉరికొచ్చిండు. తాడు సూడలే, ముడి సూడలే, సక్క నా మీదికి వచ్చిండు. "మొగని పేరు నోట్లకెల్లి తీస్తవా? నీ అసొంటిది ఉంటె ఇట్లనే అయితది!" అన్నడు. ఇను బిడ్డా, తప్పు నాదంట! మా అత్త సంకల పోరన్ని వెట్టుకోని వచ్చింది. నన్ను కొడుతదనే అనుకున్నరు అందరు. నేను గూడ అట్లనే అనుకోని చెంప ఇటు తిప్పిన.

అత్త నన్ను సూడలే. ఆయన దిక్కే సూసి, "అన్నా, కాల్వ వనిల మట్టిపెళ్ల ఇరిగిన నాడు నేను గట్టు మీదనే ఉంటి. పెళ్ల పగులుడు నా కండ్లతోని సూసిన. ఏమయ్యో, ఏమయ్యో అని మొత్తుకున్న. వస్తున్న అన్నడు" అన్నది.

మా మామ, అత్త ఇంటాయన, గట్ల పోయిండని నాకు అప్పటిదాక ఎవ్వరు చెప్పలే. పెళ్ల మీద వడ్డదని ఎరుక, గంతే.

ముసల్ది పోరన్ని ఇంకో సంకకు మార్చుకోని, "బాలయ్య. ఆయన పేరు బాలయ్య. నేను ఒక్కపారి గూడ పిలువలే. పెరిగిందా ఆయుష్షు?" అన్నది. ఏడ్వలే. నాకు మాత్రం ఇప్పటికి చెప్తుంటె కండ్లల్ల నీళ్లొస్తయి... ఆ కొంగు ఇటియ్యి.

తెల్లారి సైటు మీద ముడులు సూసేదాక ఆడోళ్లం ఎవ్వరం గమేలా ముట్టలే. ముకాదం మూతి ముడుసుకోనే ముడి ముడి గుంజిండు. అత్త ఎనకనే తిరిగింది, "ఇది మర్సినవు అన్నా, ఇది గూడ గుంజు" అనుకుంట. ఇగ ఆ నాటికెల్లి సైటు మీద ఆపదొస్తె పేరు వెట్టే పిలుసుడు. ఇంటికొస్తె మల్ల ఏమయ్యోనే. చాల్ల కొందరు ఆడోళ్లు నన్ను సూసి మూతులు తిప్పిండ్రు, తిప్పుకోనీ. నా ఇంటాయన నా ఇంట్ల ఉన్నడు.

గందుకే జెప్తున్న. రేపు వాడు బెల్టు లేకుండ ఎక్కితె పెద్దనాయనా, పెద్దనాయనా అని నానవెట్టకు. ఆ సైటు మీద ఎంతమందికి ఎంతమంది నాయనలు! నర్సింలూ అని పిలువు. బెల్టు ఏసుకునేదాక ఒక్క గమేలా గూడ పైకి వోనియ్యకు. కోపం జేస్తె చెయ్యనీ, మా అవ్వ అనమన్నదని చెప్పు. వాడు ఆ నాడు సంకలనే ఉండె. వానికి గుర్తు లేదు గని, నాకున్నది.

ఇగ లే, చాయ్ వొయ్యి. ఆయనకు గూడ వొయ్యి, చక్కెర తక్కువెయ్యి. ఏమయ్యో! చాయ్!

ఇన్నవా? వస్తున్న అంటుండు. మొకం తిప్పిండా? ఇంక పేపర్లనే ఉన్నది. రోజు ఇదే తమాషా. ఆ వస్తున్న ఇననీకె నేను ఒక్కటికి రెండుమాట్ల పిలుస్త, బిడ్డా. కోపం రాదు నాకు.

పో, తెల్లారి లేవాలె నువ్వు. నీ నోరు సల్లగుండ.