తవిటయ్య సోఫా ఓడ దిగిన వైనం

తవిటయ్య అబద్ధమాడడు, ఆ మాట ఆయనే చెబుతాడు. జరిగినదానికి కాస్త కండ పట్టిస్తాడు, అంతే. క్రేను డ్రైవర్లకు చేసైగలతో దారి చూపి బరువులెత్తించే రిగ్గర్ పనిలో ముప్పై ఏళ్లు గడిపిన మనిషి. చివరి తొమ్మిదేళ్లూ మస్కట్‌లో చేసి తిరిగి వచ్చాడు. అప్పటినుంచి ఉక్కునగరం గేటు దగ్గర ఆదిలక్ష్మమ్మ టీకొట్టే ఆయన దర్బారు.

ఆ ఉదయం ఉమాశంకర్ ఫోను చేత్తో పట్టుకునే వచ్చాడు. అతనూ మస్కట్ వదిలేసి వస్తున్నాడు. ఇల్లు చూడటానికి ముందుగా తాను దిగాడు. భార్య శ్రీసత్య ఇంకా అక్కడే ఉంది.

“బాబాయ్, పదకొండింటిలోగా చెప్పాలండి. సోఫా, ఫ్రిజ్జు, మంచం ఓడెక్కించమంటే కంటైనరు పంపుతారంట. వద్దంటే అక్కడే అమ్మేసి ఇక్కడ కొనుక్కోవాలి. పొరపాటు చేశానంటే మా ఆవిడ జన్మంతా గుర్తుచేస్తదండి. మీరు తెచ్చుకున్నారు కదా, ఎలా వచ్చింది సామాను?”

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని తవిటయ్య ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాడు. గ్లాసు కింద పెట్టి, కండువా సర్దుకున్నాడు.

“ఏటున్నాది నాయనా అందులో! సోఫా తెచ్చీసాను. గీతైనా పడనేదు. ఓడొచ్చి డాల్ఫిన్స్ నోస్ కొండ అవతల ఆగిపోనాది, రేవులో బెర్తు ఖాళీ నేదంట. అప్పుడు ఏటైందో తెలుసా? నాను బీచిలో నిలబడి, ఇదిగో, ఇలాగ వేలు తిప్పాను. ఓడమీద క్రేను డ్రైవరెవడో గాని పనిమంతుడు! మూడు మైళ్ల నుంచి నా వేలు సూసి కంటైనరు పైకెత్తీసినాడు.”

“మూడు మైళ్లే!” అన్నాడు సామాను బండి నడిపే రఫీ.

“వేలు అలాటిది మరి,” అంది ఆదిలక్ష్మమ్మ టీ వడపోస్తూ.

ఉమాశంకర్ మాత్రం నవ్వలేదు. “అంటే రేవులో ఆలస్యం ఉండదన్నమాట,” అని, శ్రీసత్యకు ‘ఓడే మంచిది, ఎక్కించెయ్’ అని టైపు చేసి, పంపే మీట మీద బొటనవేలు ఆనీ ఆనకుండా పెట్టాడు.

అది చూసి తవిటయ్య మళ్లీ ఎత్తబోయిన గ్లాసు దించేశాడు. ఇన్నేళ్లలో ఆయన మాట విని నవ్వినవారున్నారు, లేచిపోయినవారున్నారు. దాన్నిబట్టి పని మొదలుపెట్టినవాడు లేడు. నలుగురిలో తన మాట తానే వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. ఇక ఒకటే ఉపాయం: పసిపిల్లవాడు కూడా నమ్మలేనంత పెద్దది చెప్పాలి.

“ఆగు, పూర్తిగా ఇను. ఇంతలో గాలి రేగి క్రేను గొలుసు తెగిపోనాది. కంటైనరు గాల్లో! నాను అరసెయ్యి అడ్డంగా పెట్టి ఆగమన్నాను. అక్కడే ఆగిపోనాది. రెండు రోజులు.”

“గాల్లోనాండీ?”

“మరేటి! కస్టమ్సోళ్లు నిచ్చెనేసుకుని పైకెల్లి తనిఖీ సేసి, దిగొచ్చి నాకు దండం ఎట్టినారు.”

“అబ్బ, కస్టమ్స్ వాళ్లతో కూడా ఇబ్బంది లేదన్నమాట,” అన్నాడు ఉమాశంకర్, పెద్ద బరువు దిగినట్టు.

తవిటయ్య నుదుట చెమట పట్టింది.

“ఫ్రిజ్జు సంగతి ఇనవేటి! తలుపు తీస్తే, మస్కట్‌లో పెట్టిన సేపలు ఒక్కొక్కటే లేచి సముద్రంలోకి దూకీసినాయి. ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఒక సేప ఎనక్కొచ్చి తలుపేసి మరీ పోనాది, కరెంటు దండగని!”

రఫీ బల్ల మీద చరిచి నవ్వాడు. ఉమాశంకర్ కళ్లు మెరిశాయి.

“ఫ్రిజ్జు దెబ్బతినలేదు కదండీ? మా ఆవిడ భయమంతా అదే.” బొటనవేలు కిందికి దిగుతోంది.

తవిటయ్య రఫీ వైపు చూశాడు. ఇన్నేళ్లూ నోరు విప్పవద్దని చూసిన చూపు కాదది. విప్పమని బతిమాలే చూపు.

“ఉమా బాబూ, ఆ వేలు తియ్యి,” అన్నాడు రఫీ. “అన్న సోఫా పోర్టు నుంచి నా బండిలోనే వచ్చింది. గీత పడలేదు, అది నిజమే. అగనంపూడిలో అన్న ఇంటి మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుంది. పైకి పోదు, కిందికి రాదు. పై వాటా ఆయన దాని మీంచి దూకి డ్యూటీకి పోయాడు. సాయంత్రం రంపం తెచ్చి రెండు ముక్కలు కోశాం. వంద టన్నుల బరువులు కొలిచి కొలిచి ఎత్తించినోడు, ఇంటి మెట్లు కొలుసుకోలేదు! ఇప్పుడున్న సోఫా వడ్రంగి పీర్ మహమ్మద్ చాచా చెక్కలు పైకి మోయించి, అన్న గదిలోనే కూర్చుని చేసిచ్చింది.”

ఉమాశంకర్ వేలు ఆగిపోయింది.

“నిజమేనేటి తవిటయ్యా?” అంది ఆదిలక్ష్మమ్మ.

“రఫీ మర్యాదకి రెండన్నాడు,” అన్నాడు తవిటయ్య తల వంచుకుని. “మూడు ముక్కలు.”

ఉమాశంకర్ ఫోనులో టైపు చేసింది చెరిపేశాడు.

“మేం తీసుకున్నది కూడా మూడో అంతస్తేనండి,” అన్నాడు ఉమాశంకర్ మెల్లగా. “లిఫ్టు లేదు.”

తవిటయ్య సగం టీ వదిలేసి లేచాడు. రఫీ బండిలోంచి కొలత టేపు తీసుకుని, “నడు,” అన్నాడు.

కూర్మన్నపాలెంలో ఉమాశంకర్ ఇంటి మెట్ల మలుపు దగ్గర తవిటయ్య మోకాళ్ల మీద కూర్చుని, గోడకూ కమ్మీకీ మధ్య టేపు బిగించి పట్టుకున్నాడు. ఫోనులో శ్రీసత్య తమ సోఫా వెడల్పు ముప్పై ఎనిమిది అంగుళాలంటోంది.

“కాస్త వంచి తిప్పితే ఎక్కదా బాబాయ్?”

“ఎక్కదు. మంచం ఊడదీత్తే వత్తాది, ఫ్రిజ్జు వత్తాది. సోఫా అక్కడే అమ్మెయ్యమను. ఇక్కడ ముప్పై నాలుగే ఉన్నాది.”

ఉమాశంకర్ ఆ మాటే ఫోనులో చెబుతుండగా, తవిటయ్య కళ్లద్దాలు తుడుచుకుని టేపు మీదికి మరోసారి వంగాడు.

“ముప్పై మూడున్నర,” అని సరిదిద్దాడు.