గట్టిపడని గోడ

గోడ మొదలుపెట్టి వారం దాటినా రాళ్ళ సందున వేలు పెడితే లోపలికి పోతోంది. యుద్ధం ముగిసిన మరుసటేడు, గురజాలలో ఆ పొద్దున నరసింహారావు గొంతు వీధి చివరిదాకా వినపడింది. ఎదురుగా నిలబడింది పిచ్చయ్య మేస్త్రీ, చేతులైనా కట్టుకోకుండా. ఇంతకుమించి నేను చెప్పేదేం లేదు, మిగతాదంతా వాళ్ళ నోళ్ళే చెబుతాయి.

"పెట్టి చూడరా వేలు. పెట్టు. దిగిందా? గోడంటారా దీన్ని? మా పాలేరు తినే సంగటి ముద్ద ఇంతకంటే గట్టిగా ఉంటది."

"చూశానయ్యా. పొద్దున్నే చూశా."

"చూసి?"

"చూసి గమ్మునున్నా."

"గమ్మునుండక ఏం జేస్తావులే! గానుగెద్దు తోక పట్టుకుని సున్నం చుట్టూ తిరిగే జాతి. నీకు సిమెంటు అప్పజెప్పా చూడు, నన్ననాలి."

"సున్నం కలిపింది మా అయ్య. నేను నడికుడి కాడ రైలు పనుల్లో సిమెంటు మీదే చెయ్యి తిప్పుకున్నా. ఆ సంగతి తెలిసే గదా మీరు కబురంపింది."

"ఎదురు మాట్టాడతావేందిరా? యుద్ధం పోయినా సిమెంటు మీద కంట్రోలు పోలా. పర్మిట్టు కోసం గుమాస్తాగాళ్ళకి గూడా నమస్కారాలు పెట్టా, నేను! నరసరావుపేటలో గఫారు కొట్టు కాడ కూర్చుని ఒక్కో బస్తా నేనే ఏరా."

"మీరు ఏరింది గోనె మీద అచ్చు చూసయ్యా. అచ్చు ఎర్రగా ఉందని మీరు తీయించినయ్యి సగం గడ్డలే. గఫారు గారు చెబుతానే ఉన్నాడు, అయ్యగారూ అయి పాత సరుకు, వద్దని. నేను మూతి విప్పి చెయ్యి లోపల పెట్టి చూశా. పిండి చల్లగా తగలాల, వేళ్ళ సందుల్లోంచి జారాల. అట్టాంటియ్యే బండెక్కించా."

"ఓహో! అంత చల్లటి పిండయితే ఇట్టా ఎందుకు ఏడస్తంది? ఇసుక మట్టిదై ఉంటది."

"నాగులేటి ఇసుక. కడిగించి మరీ పోశా."

"పాళ్ళు తప్పావు."

"పాళ్ళు నేను తప్పానా? ఒకటికి ఆరు పాళ్ళ ఇసుక చాలయ్యా, వాకిట్లో అడ్డగోడే గదా, అన్నా. నాలుగే వెయ్యమన్నారు. కోటగోడకి మల్లే ఉండాలన్నారు."

"అన్నా. ఇప్పుడూ అంటా. ఎందుకో తెలుసా? మట్టితో పెడితే రెండు వానలకి కరిగిపోద్ది. అప్పుడా లారీ తోలేవాడు ఇటు మొహం పెడతాడు. సున్నంతో పెడితే ఏ పెద్దమనిషో వచ్చి, అన్నదమ్ములు కలవండయ్యా అని నీతులు చెప్పి, గునపం తెప్పిస్తాడు. సిమెంటంటావా, ఊరంతా వచ్చి పొడిచినా ఊడదు. వాడి మొహం నేను చచ్చిందాకా చూడక్కర్లా."

"లారీ తోలేవాడంటే ప్రభాకరరావు గారే గదయ్యా. మీ తమ్ముడు."

"ఎవడ్రా తమ్ముడు? ఈ ఇంట పుట్టి, మసిగుడ్డ భుజానేసుకుని, పెట్రోలు దొరక్క లారీ వెనకాల బొగ్గుపొయ్యి కట్టుకుని మాచర్ల రాళ్ళు తోలేవాడా నాకు తమ్ముడు? కూలోళ్ళ పక్కన గొంతుక్కూర్చుని టీ తాగుతాడంట. ఈ బస్తాలు వాడి లారీలో వేస్తే ఒక్క పూటలో వచ్చేయి. వెయ్యలా. ఎద్దుల బండ్ల మీదే తోలించా. వాడి లారీ ఎక్కిన సిమెంటు నా గోడకి వద్దు."

"అది మీ ఇష్టం. నేననేది..."

"నువ్వనేదేం లేదు. ఈ సాయంత్రానికల్లా పరపర పీకి అవతల పారెయ్. పీకి, ఊళ్ళోంచి పో. నీ చేత ఇక పల్నాట్లో ఎవడూ ఒక్క రాయి గూడా పెట్టించకుండా నేను చూస్తా. దాచేపల్లిలో చెబుతా, మాచర్లలో చెబుతా. పిచ్చయ్యకి గోడిస్తే బురద ఇస్తాడని చెబుతా."

"అంత మాటనే ముందు ఇటు రండి. ఈ నీళ్ళ తొట్టి అంచు చూడండి."

"ఏముందక్కడ?"

"చీమలు."

"చీమలు లేని వాకిలి నీ ఇంట్లో ఉందేందిరా?"

"సిమెంటు కలిపే నీళ్ళతో చీమలకేం పనయ్యా? బారు కట్టి మరీ వస్తన్నయ్యి. ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని చూడండి."

"నేనా? నీ తొట్టి నేను నాకాలా?"

"మీరొద్దులే. నేను చూశా. తియ్యగా ఉంది. బెల్లం."

"బెల్లమా?"

"బెల్లమే. సున్నానికి బెల్లం నీళ్ళు బలం. సిమెంటుకి అదే విషం. కాస్త ఎక్కువ పడిందంటే ఇక అది గట్టిపడమన్నా పడదు. మీరు నాలుగు పాళ్ళు కాదు, వట్టి సిమెంటే పోసినా ఇంతే."

"ఆఁ! దొరికావు! నీ సున్నపు బుద్ధి యాడికి పోద్ది? అలవాటు కొద్దీ నువ్వే పోసి, ఇప్పుడు చీమల కథలు చెబుతన్నావా?"

"నేను పోస్తే నేనే ఎందుకు చూపిస్తా? నాకేమన్నా పిచ్చా?"

"పేరులోనే ఉంది గదా."

"ఎగతాళి తర్వాత చేద్దురుగాని. నేనూ నా కూలోళ్ళూ పొద్దుగూకక ముందే పోతాం. తొట్టి మీ వాకిట్లో ఉంటది. వీధి తలుపు గడియ మీరే వేస్తారు, మీరే తీస్తారు."

"ఏమంటన్నావు?"

"నేనేమన్లా. గడియ సంగతి చెప్పా."

"మా ఇంట్లోవాళ్ళే పోశారంటావా? నోరు జాగర్త! ఆఁ... ఉండు. ఉండుండు. గోడ ఇంకా మోకాలెత్తే గదా. అవతల వాడి వాటా నుంచి దాటితే ఎవరికి తెలుసుద్ది? ఇది వాడి పెళ్ళాం పని. ఆ కోటమ్మ పని. పైకి మాత్రం నోట్లో నాలిక లేనట్టు ఉంటది."

"అయ్యా, చూడకుండా ఆడమనిషిని అనబాకండి."

"నువ్వు నాకు చెబుతావేందిరా? ఇయ్యాళ పెద్దమనుషుల్ని పిలిపిస్తా. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ ఈ ఇంట్లోంచి కట్టుబట్టలతో పోవాల. దొంగలకి వాటా ఏంది? అమ్మా! అమ్మా, ఇటు రా!"

"ఏందిరా నరసింహం ఆ అరుపు? పొద్దున్నే దున్నపోతుకి మల్లే."

"నువ్వు వసారాలో పడుకుంటావు. కోడి కూసేదాకా నిద్ర పట్టదంటావు. కోటమ్మ ఈ గోడ దాటి వచ్చి తొట్లో బెల్లం కలపటం నువ్వు చూశావు గదా."

"చూళ్ళేదు."

"చూశావు. బాగా గుర్తుచేసుకో."

"నా కళ్ళకేం పొరలు రాలా. చూళ్ళేదు."

"చూశానని చెప్పమ్మా. పెద్దమనుషుల ముందు నీ ఒక్క మాట చాలు."

"ఛీ! నీ నోరు కడుక్కో. పోయిన నెల నాకు జొరమొస్తే ఆ పిల్ల కదలకుండా నా కాళ్ళకాడ కూర్చుంది. నీ పెళ్ళాం గడప అవతల నుంచే ఎట్టా ఉందని అడిగి పోయింది. ఆ పిల్ల మీద నేను అబద్ధం చెప్పాలా?"

"అయితే ఈ పిచ్చిగాడే పోశాడు."

"వాడూ కాదు."

"ఆమె కాదు, వీడు కాదు. మరెవరు? ఆకాశం నుంచి పడిందా బెల్లం?"

"నేను పోశా."

"ఏందీ?"

"చెవుడేందిరా? నేనే అంటన్నా. మన అటక మీది బెల్లమే. రోజూ ఒక అచ్చు కరిగించి ఆ తొట్లో కలుపుతున్నా."

"పెద్దమ్మగారూ, మీరా! అది కలిపితే గట్టిపడదని మీకెట్టా తెలుసు?"

"నువ్వే గదా పిచ్చయ్యా చెప్పింది. మొదటి రోజు నీ కూలోడెవడో తొట్టి కాడ బెల్లం ముక్క నములుతుంటే వాడి మీద లేచావు. అది గనక నీళ్ళల్లో పడితే సిమెంటు చచ్చిపోద్దిరా అన్నావు. వసారాలో నేను వింటానే ఉన్నా. నీ పేరు చెడుద్దని ఆలోచించలా నాయనా. ఆ పాపం మాత్రం నాదే."

"నా సిమెంటు బురద చేశావు! నా పరువు బురద చేశావు! ఎవరి కోసం? ఆ లారీ వెధవ కోసమా?"

"ఆ లారీ వెధవ యాడికి పోయి ఎప్పుడొచ్చినా, దుమ్ము కాళ్ళతోనే నా మంచం కాడికొచ్చి, అమ్మా, తిన్నావా అంటాడు. నువ్వు ఆ మాట అని ఎన్నాళ్ళయిందో చెప్పు. పోనీ రేపు అంటావా?"

"అంటాను, అనను, అది వేరే సంగతి! పంపకాల్లో నువ్వు నా వాటాకి వచ్చావు. పెద్దమనుషులు అందరి ముందూ చెప్పారు. నా తిండి తింటా, నా గోడకి అడ్డం పడతావా?"

"అవును, వచ్చా. తూర్పు చేను నీకు, మోటబావి వాడికి, ఎర్రెద్దు వాడికి, ముసలిది నీకు. ఎద్దునీ అడగలా, నన్నూ అడగలా."

"అడిగేదేంది ఇందులో? ఇక నుంచి అటక తాళం నా మొల్లో ఉంటది. తొట్టి కాడ పాలేరు పడుకుంటాడు. ఈ గోడ లేస్తది. నువ్వు నెత్తీ నోరూ కొట్టుకున్నా లేస్తది. ఒరేయ్ పిచ్చయ్యా, ఏం చూస్తన్నావు? ఆ బురద ఎత్తిపోసి తొట్టి కడుగు. కొత్త బస్తా విప్పు."

"కలపమంటారా పెద్దమ్మగారూ?"

"ఆమెనేందిరా అడిగేది? గోడ నాది!"

"కలుపు పిచ్చయ్యా. మంచినీళ్ళతో కలుపు. నాలుగు పాళ్ళే వెయ్యి. ఊరంతా వచ్చి పొడిచినా ఊడకుండా గట్టిగా కట్టు నాయనా, నేనిక బెల్లం జోలికి రాను. కాకపోతే రవ్వంతసేపు ఆగు. నా చాపా చెంబూ తీసుకుని కోటమ్మ వైపుకి పోతా, నేను అటు దిగినాక మొదటి రాయి పెట్టు."