పచ్చ కాయితం బ్లేడు

గా సంచి ఇటియ్యి అత్తమ్మ. పాత చీరగుడ్డ నేను తీసిస్త గద, నువ్వెందుకు దేవులాడుతున్నవ్? బిడ్డను దేన్ల సుట్టాలె అని ఇప్పుడే తొందరనా? లోపల మమతను ఇంక కోస్తనే ఉన్నరు. తలుపే తెరవలే.

అయ్యో, కింద వడ్డయి. జర పైలం, బ్లేడ్లవి, చెయ్యి తెగుతది. నేనేరుత. నువ్వు బల్ల మీద కూసో.

గట్ల సూడకు నా దిక్కు. ఇగ దాచి ఏం లాభం? రుమాలు తీసేస్తున్న, సూడు. గడ్డం లేదు. మీసం గూడ లేదు. నువ్వు ఆలేరు నుంచి గీ దవాఖానకు వచ్చినప్పటి సంది మూతికి రుమాలు సుట్టుకోని, పన్ను నొప్పి అని జెప్పింది గందుకే.

కడుపుతోని ఉన్నదాని మొగడు గడ్డం గీక్కోవద్దని నాకు ఎరుక లేదా? పోయినసారి మా దోస్తు కురుమయ్య పెండ్లికని నున్నగ గీక్కోని పోయిన. పెండ్లి పందిరి ఇప్పకముందే మమతకు కడుపు పోయింది. నువ్వు వాకిట్ల కూసోని నా మొగం దిక్కు ఒక్కసారి సూసినవ్ అంతే. గా సూపు నాకింక యాదికున్నది. ఈసారి ఫోన్ జేసినప్పుడల్లా, వెంకన్నా, గడ్డం పెంచుతున్నవా అని అడిగినవ్. ఆఁ అత్తమ్మ అన్న. అబద్ధమాడిన.

ఎందుకంటవా? మందుల కంపెనీ గోదాంల మూటలు మోసినన్ని రోజులు నా గడ్డం సంగతి ఎవలూ అడగలే. దసరా ఎల్లినంక గోదాం పని బందువెట్టిండ్రు. సూదిమందు సీసలు నింపే సెక్షన్‌కు పోతె పో, లేకుంటె ఇంటికి పో అన్నడు కాంట్రాక్టరు. గా సెక్షన్ల ఒక్క ఎంటిక వడొద్దు. తలుపు కాడ సూపర్‌వైజర్ మేడం నిలవడి గదువ కిందికి టార్చి కొట్టి సూస్తది. గడ్డముంటె రానియ్యదు. గాటు వడి నెత్తురు కనవడ్డా రానియ్యదు. ఇగ మనిషి ఏం జెయ్యాలె?

పని ఇడిచిపెట్టి రావాల్నా? గీ దవాఖాన కార్డు గా పనిదే గద. మమతకు బీపీ ఉన్నది, చిన్న దవాఖానల కాన్పు కుదరదని డాక్టరమ్మ మొదట్లనే జెప్పింది. పని పోతె కార్డు పోతది. కార్డు పోతె మనల్ని గీ తలుపు కాడికి రానిస్తరా? గీక్కుంటె లోపలి బిడ్డకేమైతదో అని భయం. గీక్కోకుంటె ఇద్దరికేమైతదో అని భయం.

గిన్ని రకాల బ్లేడ్లెందుకంటవా? నా ఎంటిక ముదురు, తోలు మెత్తన. పారేసే ప్లాస్టిక్ రేజర్లతోని గీకితె గదువంత పొక్కులు లేసి చీము వట్టేది. గందుకని మా బాపు రేజరు తీసిన. గిదే, ఇనుపది, పిడి తిప్పితె నోరు తెరుస్తది. దీంట్ల ఏసే బ్లేడ్లన్ని ఒక్కతీరే అనుకుంటం గద. కావు. నీలం కాయితంది గుంజుతది, ఎంటిక తెగదు, గీకిన జాగనే మల్ల మల్ల గీకితె మంట లేస్తది. ఎర్ర కాయితంది ఆనిస్తె సాలు తెగుతది. తెగినట్టు గూడ తెల్వది, నురుగు ఎర్రగైనంక తెలుస్తది. జడ్చర్ల బస్టాండు కాడ దొరికినయి తెచ్చిన, షాద్‌నగర్ పోయినోళ్లతోని తెప్పించిన.

నెత్తురు సుక్క కనవడితె నా పానం ఆగేది. పటిక రుద్దుకుంటనే మమత దిక్కు సూసేటోన్ని. కడుపుల నొస్తుందానె, కదులుతుందానె అని అడిగేటోన్ని. మొదట్ల నవ్వేది. తర్వాత నవ్వుడు బందువెట్టింది.

ఆఁ, దానికి ఎరుకే. ఒక్క కిరాయి రూముల ఉండేటోళ్లం, యాడ దాస్త?

ఇంకో మాట ఉన్నది. నీ వియ్యపురాలికి, మా అమ్మకు, జెప్పొద్దని మమత ఒట్టేయించుకున్నది. నీకు జెప్పొద్దని అనలే. గీకింది నేను గాదు అత్తమ్మ. మమతనే.

నా చెయ్యి వణికి గాట్లు వడుతుంటె, ఒకపొద్దున నా చేతులకెల్లి రేజరు గుంజుకున్నది. నన్ను స్టూలు మీద కూసోవెట్టి, ఉడుకు నీళ్లల్ల తువ్వాల ముంచి మొగానికి సుట్టింది. నీలంది, ఎర్రది పక్కకు వెట్టి పచ్చ కాయితం బ్లేడు ఏసింది. ‘నువ్వు గీక్కుంటె గద తప్పు. నేను గీకితె ఏం గాదు’ అన్నది. ఎవలు జెప్పిండ్రే అంటె, ‘నేనే పెట్టిన గీ రివాజు’ అన్నది.

గా పొద్దటి సంది ఒక్క గాటు వడలే. వంగితె కడుపు నా భుజానికి ఆనేది. లోపల తన్నితె నాకు గూడ తెలిసేది. గప్పుడు ఇద్దరం ఆగేటోళ్లం.

ఇయ్యాల గూడ గట్లనే. గదువ కింద గీకుకుంట గీకుకుంట ఆగింది. తన్నిందేమో అనుకున్న. ఉమ్మనీళ్లు వోయినయి. చెయ్యి జారింది. గిదిగో, కాయితం ముక్క అతికించుకున్న, గీ జాగనే. చేతికందినయన్ని, బ్లేడ్లు గూడ, సంచిల కుక్కి సబ్బు మొగంతోనే ఆటో కోసం ఉరికిన. నా నెత్తురు దాని చీర మీద వడ్డది. పాలమూరు దాక గా మరక దిక్కే సూసుకుంట వచ్చిన. గది నా నెత్తురే అని నాకు నేనే జెప్పుకున్న.

బిడ్డ గుండె సప్పుడు తగ్గుతాంది, కోసి తియ్యాలె అన్నది డాక్టరమ్మ. వాళ్ల చేతుల గూడ బ్లేడే ఉంటది గద. వాళ్ల చెయ్యి వణకకుంటె సాలు.

నన్ను తిట్టు అత్తమ్మ. ఏదన్న అను. దాన్ని మాత్రం ఏమనకు. ఏమన్న అయితె జీవితమంత తన చేతులు సూసుకోని ఏడుస్తది.

ఆగు. తలుపు తీసిండ్రు. నువ్వు పో, నేను ఈడనే ఉంట.

ఏమన్నది నర్సమ్మ? సగమే ఇనవడ్డది నాకు. మమత మంచిగున్నదా? కండ్లు తెరిచిందా? మరి బిడ్డ? అద్దాల పెట్టెలనా? బరువు తక్కువనా? ఏడ్చిందా అత్తమ్మ? నీ చెవులతోని ఇన్నవా? ఆడపొల్లనా?

పొల్ల.

ఏం జేస్తున్నవ్? బ్లేడ్లన్ని కొంగుల ఎందుకు ముడేస్తున్నవ్? ఓ, మా అమ్మ మెట్లెక్కి వస్తుంది. సరే. పన్ను నొప్పే అని జెప్త. రుమాలు కట్టుకుంట.

కాన్పైనంక గీక్కోవచ్చు అంటరు గద. పెట్టెల ఉంటె పుట్టినట్టా, ఇంక కడుపుల ఉన్నట్టా? నువ్వే జెప్పు.

పచ్చ కాయితంది ఒక్కటి నాకు ఇడిచిపెట్టు అత్తమ్మ. పొల్ల పెట్టెల ఉన్నన్ని రోజులు కార్డు ఉండాలె. రేపు పొద్దుగాల డ్యూటీ. గీకేది లోపల పండుకున్నది. ఇగ నేనే గీక్కోవాలె.

గీ చేతులతోని. సూడు, ఎట్ల వణుకుతున్నయో.